ఏ తలుపు మోగితే ఎవరు తీయాలి

3వ తేదీ, సోమవారం

పాత టెలిఫోన్ బోర్డు పోతోంది. ఈ రోజు మేనేజరు పిలిచి చెప్పాడు. కొత్తది ఈ వారంలోనే వస్తుందట. దాంతోపాటు ఆఫీసు నాలుగు తలుపులకూ డోర్ ఫోన్లు. వచ్చినవాళ్లు తలుపు పక్కనున్న పెట్టె మీద బొత్తాం నొక్కితే లోపల ఎవరి ఎక్స్‌టెన్షన్ మోగాలో దానికి ముందే నేర్పిపెట్టాలి. ఫోనెత్తి, ఎవరో కనుక్కుని, డయల్ మీద రెండంకెలు నొక్కితే తలుపు తాళం దానంతటదే ఊడుతుంది.

"ఏ తలుపు మోగితే ఎవరు తీయాలో లిస్టు నువ్వే రాయాలమ్మా," అన్నాడు. "ఎవరి కుర్చీ ఎక్కడుందో నా దగ్గర రాసుంది. ఆ కుర్చీలో మనిషి ఉంటాడో లేడో నీకే తెలుసు."

ఈ మేనేజరు నోటినుంచి మంచిమాట రావడం ఏడాదికోసారి. అందుకే తేదీ వేసి రాసుకుంటున్నాను.

ఇరవై రెండేళ్లయింది నేను ఈ కుర్చీలో కూర్చుని. ఊళ్లో ఎవరు తాగే నీళ్లయినా ముందు మా ఆఫీసుకు సీసాల్లో వచ్చి పరీక్ష అయి వెళ్లాలి. ఆ సీసాల గురించి వచ్చే ప్రతి ఫోనూ నా చెవిలోంచి పోవాలి. ఒక్క ఫోను కూడా రెండో రింగు దాటనివ్వలేదు. ఇక్కడ అందరూ నన్ను ఆపరేటరమ్మ అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. నాకేం బాధ లేదు.

4వ తేదీ, మంగళవారం

ఫోన్ల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. నేనే అందుకుని ముద్ర వేశాను. ఇక్కడి పనికి ఇన్‌చార్జి ఎవరో చివర రాశారు. ఆ పేరు రెండుసార్లు చదివాను. మా తమ్ముడు.

తీగ ఇన్‌చార్జి అయ్యాడన్నమాట. చిన్నప్పుడు ఇంట్లో ఏ వైరు దొరికినా పీకి చూసేవాడని ఆ పేరు నేనే పెట్టాను. చివరికి అమ్మ కూడా తీగా అనే పిలిచేది.

నాలుగేళ్లుగా మాకు మాటల్లేవు. అమ్మ పోయిన దగ్గర్నుంచి. తప్పు నాది కాదు. డ్యూటీలో సొంత ఫోన్లు మాట్లాడకూడదని రూలు. రూలు నేను పెట్టలేదు.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. "బాగుంది. అక్క ఇంటి తలుపు కొట్టడు గానీ అక్క ఆఫీసు తలుపులకు ఫోన్లు పెడతాడు," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయనకు ప్రతిదీ వేళాకోళమే.

5వ తేదీ, బుధవారం

వచ్చాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నవాడు, వాడికి నెరవడమేమిటి.

నా బల్ల ముందు నిలబడి, "మేడమ్, ఈ ఫారం నింపివ్వాలి," అన్నాడు.

తోడబుట్టినదాన్ని పట్టుకుని మేడమ్. సరే, నాకు మాత్రం రాదా. "అక్కడ పెట్టండి సార్," అన్నాను.

వాడి కనురెప్ప కూడా కదల్లేదు. ఆ బెట్టు మా నాన్నది. నాదీ అదేనని మా ఆయన అంటాడు. ఆయన మాటకేంలే.

అక్కడితో ఇద్దరి మధ్యా కాగితాలే. వాడికి ఏదైనా కావాలంటే చీటీ రాసి నా బల్లమీద పెడతాడు. నేను దాని వెనకే జవాబు రాసి బల్ల చివరకు జరుపుతాను. మధ్యాహ్నానికి తొమ్మిది చీటీలయ్యాయి. చేతిరాత మాత్రం మారలేదు. నేను దిద్దించిన రాతే.

6వ తేదీ, గురువారం

ఈ రోజంతా ఫారంతోనే సరిపోయింది. ఒక్కో తలుపుకూ ఒక్కో వరస: తలుపు నంబరు, ముందు మోగాల్సిన ఎక్స్‌టెన్షన్, ఎన్ని రింగుల దాకా చూడాలి, ఎవరూ ఎత్తకపోతే తర్వాత ఎవరికి పోవాలి. ఆఖరి గడిలో: "ఆపరేటరు వేరే లైనులో ఉంటే వచ్చినవారిని హోల్డ్‌లో పెట్టాలా? సంగీతం ఏది?"

నంబర్లు నేనే వేశాను. ఒకటి వెనక తలుపు. బస్సు దిగి మేమంతా వచ్చేది దాన్లోంచే, ఆఫీసు మొదలయ్యేది అక్కడే. రెండోది సీసాల తలుపు, నీళ్ల సీసాలు తెచ్చేవాళ్లది. మూడు సామాను తలుపు, స్టోర్సుది. నాలుగు ముందు తలుపు. ఇస్త్రీ నలగనివాళ్లు వచ్చేది అందులోంచి, వాళ్లకు నాలుగు చాలు.

సీసాల తలుపు దగ్గర మేనేజరు అడ్డం పడ్డాడు. పరీక్షగది పెద్దాయన ఎక్స్‌టెన్షన్ 214 మొదట పెట్టాలన్నాడు. నేను 217 పెట్టాను.

"217 గాజుసామాను కడిగే ఆవిడది కదమ్మా. ఆవిడెవరు తలుపు తీయడానికి?"

"214 పక్కనే గిర్రున తిరిగే మెషీను ఉంది సార్. అది తిరుగుతుంటే పిడుగు పడినా పెద్దాయనకు వినపడదు. మీరు ఎన్నిసార్లు ఫోన్ చేసి విసుక్కున్నారో నాకు తెలుసు. 217 దగ్గర మనిషి పొద్దుటినుంచి సాయంత్రందాకా కదలదు. సీసాలు మంచుపెట్టెలో వస్తాయి. తలుపు తీసేసరికి మంచు కరిగితే పరీక్ష దండగ."

"సరే కానీ," అన్నాడు.

ఇలాంటివి నా దగ్గర నలభై ఉన్నాయి. 209 అతను భోజనం చేశాక గంటసేపు ఫోను పక్కన పెట్టేస్తాడు. 222 ఆవిడ మొదటి రింగుకు ఎత్తదు, జుట్టు సర్దుకుని ఎత్తుతుంది. స్టోర్సు గుమాస్తా ఎత్తుతాడు గానీ మాట్లాడడు, మనమే హలో అనాలి. ఇవేవీ ఏ ఫైలులోనూ లేవు. నాకు గర్వమంటే గర్వమే, అబద్ధమెందుకు.

ఆఖరి గడి ఖాళీగా వదిలేశాను.

7వ తేదీ, శుక్రవారం

ఫారం పూర్తయిందా అని చీటీ వచ్చింది. "సోమవారం" అని రాసిచ్చాను. ఒక్క గడికి మూడు రోజులు.

8వ తేదీ, శనివారం

సెలవు. మా ఆయన కూరగాయలకు వెళ్లాడు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా నాలుగేళ్లుగా ఈ సంగతి రాయలేదు. రాస్తే ఏమవుతుంది, రాస్తాను.

ఆ రోజు ఊరి కుళాయిల్లో వాసన వస్తోందని తెల్లారేసరికి గోల మొదలైంది. ఆరు లైన్లూ ఎర్రగా వెలుగుతున్నాయి. తాగొచ్చా, పిల్లలకు పట్టొచ్చా అని తల్లులు ఏడుస్తున్నారు. అమ్మకు ఆపరేషన్ ఆ రోజే. మధ్యాహ్నమన్నారు, ఒంటిగంటకు సెలవు అడిగి ఉంచాను. పదింటికే తీసుకెళ్తారని నాకెలా తెలుస్తుంది.

నాలుగో లైను ఎత్తాను. తమ్ముడి గొంతు. "అక్కా, అమ్మను లోపలికి తీసుకెళ్తున్నారు. నీతో ఒక్క మాట మాట్లాడతానంటోంది."

"ఒక్క నిమిషం లైన్‌లో ఉండు," అన్నాను. హోల్డ్ నొక్కాను.

అటు పాట మొదలయ్యే ఉంటుంది. అందరితో అన్నట్లే అన్నాను. వరసలో ముందున్నవాళ్లు ముందు. సొంతవాళ్లని ముందుకు లాగితే మిగతావాళ్లు ఏం కావాలి? ఇరవై రెండేళ్లలో ఎవరినీ వరస తప్పించి మాట్లాడలేదు. రూలు రూలే.

నేను మళ్లీ ఆ లైను ఎత్తేసరికి పదకొండు నిమిషాలయింది. బోర్డు మీద గడియారం ఉంటుంది, చూశాను. లైన్లో తమ్ముడున్నాడు, అమ్మ లేదు. లోపలికి తీసుకెళ్లిపోయారు. తర్వాత బయటికి తెచ్చారు గానీ కళ్లు తెరవలేదు.

అంతా అయ్యాక వాడు నాతో ఒకే ఒక మాట అన్నాడు. "పదకొండు నిమిషాలు నీ పాట విన్నాం అక్కా."

నేను రూలు గురించి చెప్పాను. వాడు లేచి వెళ్లిపోయాడు. నేను చెప్పింది నిజమే కదా. ఆ రోజు మనసు బాగాలేక సరిగ్గా చెప్పి ఉండకపోవచ్చు. కానీ నిజమే.

కూరగాయల్లో వంకాయలన్నీ పుచ్చులే తెచ్చాడు మా ఆయన.

10వ తేదీ, సోమవారం

ఆఖరి గడి నింపాను. "తలుపు దగ్గర నిలబడ్డవాళ్లను హోల్డ్‌లో పెట్టకూడదు. ఆపరేటరు ఏ లైనులో ఉన్నా సరే, తలుపు మోగితే ఆ లైను ఆపి తలుపు ముందు ఎత్తాలి. సంగీతం అక్కర్లేదు."

రాసిన తర్వాత చూస్తే అది రూలులాగే ఉంది. నాకు ఇంకోలా రాయడం రాదు.

తీగ ఫారం తీసుకుని నిలబడే చదివాడు. ఆఖరి గడి దగ్గర చూపు ఆగింది. మళ్లీ చదివాడు. ఏమైనా అంటాడేమోనని చెవులు అటే వేసి ఫోను మాట్లాడుతున్నాను.  నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

వాడి పని చూడాలి. బోర్డు గదిలో రెండువందల వైర్లు జడ అల్లినట్లు దించాడు. ప్రతి కొసకూ చిన్న చీటీ, మీద నంబరు, అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. మా పాత బోర్డు వెనక పిచ్చుకగూడు ఉండేది. జీతాల గుమాస్తా తొంగిచూసి, "ఎవరమ్మా ఇతను, చెయ్యి భలే నీటు," అన్నాడు.

మా తమ్ముడు అనబోయాను. నోటిదాకా వచ్చింది. "కంపెనీ మనిషి," అన్నాను.

11వ తేదీ, మంగళవారం

డోర్ ఫోన్లు మోగాయి. వాడు తలుపు తలుపుకూ వెళ్లి బొత్తాం నొక్కి, "వినపడుతోందా మేడమ్," అన్నాడు. నాలుగుసార్లూ "వినపడుతోంది," అన్నాను.

గొంతు పక్కనే నిలబడి మాట్లాడినట్లు ఉంది. అంతకన్నా ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తాళాలకు సాయంత్రం కరెంటు ఇచ్చారు, అవి వాడొక్కడే చూసుకున్నాడు.

12వ తేదీ, బుధవారం

పరువు పోయింది.

పొద్దున్న తొమ్మిదిన్నరకు మంచుపెట్టెతో సీసాలతను వచ్చాడు. సీసాల తలుపు దగ్గర బొత్తాం నొక్కాడు. 217 మోగింది, గాజుసామాను ఆవిడ ఒక్క రింగుకే ఎత్తింది. అక్కడిదాకా నా లిస్టు బంగారం. ఆవిడ రెండంకెలు నొక్కింది. అటు చివర సామాను తలుపు టక్కున తెరుచుకుంది.

సీసాలతను చప్పుడు విని పెట్టె ఎత్తుకుని అటు పరిగెత్తాడు. వెళ్లేసరికి మూసుకుంది. సామాను తలుపు బొత్తాం నొక్కాడు. స్టోర్సు గుమాస్తా ఎత్తి, అలవాటు ప్రకారం మాట్లాడకుండా అంకెలు నొక్కాడు. సీసాల తలుపు తెరుచుకుంది. మళ్లీ ఇటు పరుగు. మూడు చుట్లు తిరిగాడు పాపం, పెట్టెలోంచి నీళ్లు కారుతున్నాయి.

ఇంతలో మా డైరెక్టరు, పెద్దసారు, కారు దిగి ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు. నేనే ఎత్తాను. "నమస్కారం సార్, తీస్తున్నాను," అని నొక్కాను. వెనక తలుపు తెరుచుకుంది. ఎండలో ఆయన, లోపల నేను. మూడుసార్లు తీస్తున్నాను సార్ అన్నాను. చివరికి వాచ్‌మన్ పరిగెత్తి తాళంచెవితో తీశాడు.

మేనేజరు బోర్డు గదిలోకి వచ్చి తమ్ముణ్ని నిలదీశాడు. గోడమీద ఆఫీసు డ్రాయింగు ఉంది. వేలుపెట్టి చూపించాడు. "ఒకటి ముందు తలుపు. నాలుగు వెనక తలుపు. కళ్లెదురుగా ఉంది కదయ్యా. తాళాలన్నీ దీని ప్రకారమే ఉన్నాయి. ఫోన్లు ఏ లెక్కన పెట్టావు?"

అప్పుడు అర్థమైంది నాకు.  ఫోన్లు నా లిస్టు ప్రకారం పెట్టాడు. ఒకటి వెనక తలుపని రాసింది నేను. తాళాలు డ్రాయింగు ప్రకారం, అందులో రెండూ మూడూ కూడా తారుమారే. ఒకటో ఫోనుకు ఒకటో తాళం జత. గొంతు ఒక తలుపుది, తాళం ఇంకో తలుపుది. పక్కపక్కన కూర్చుని ఒక్క మాట అనుకుంటే తేలిపోయేది. మాటలెక్కడివి, మా మధ్య చీటీలేగా.

తమ్ముడి చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. నా ఫారం అందులోనే ఉంది. నా చేతిరాత, నా సంతకం. తీసి చూపిస్తే వాడు గట్టెక్కుతాడు. నా వంక చూడలేదు. చెయ్యి కిందికి దించాడు.

"నా పొరపాటే సార్," అన్నాడు.

"మొదటిసారి ఇన్‌చార్జివి అనుకుంటా. నీ కంపెనీకి రాస్తున్నా, ఇంకో మనిషిని పంపమని."

నేను నోరు మెదపలేదు. ఇరవై రెండేళ్లలో నా పేరు మీద ఒక్క తప్పు లేదు. ఆ మాటే తలలో తిరుగుతోంది. ఒక్క తప్పు లేదు.

13వ తేదీ, గురువారం

తమ్ముడు వచ్చాడు గానీ మేనేజరు బోర్డు గదికి తాళం వేశాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. ఇన్‌చార్జి బ్యాడ్జీ చొక్కాకు అలాగే ఉంది.

పదకొండింటికి మేనేజరు ఉత్తరం నా బల్లమీదికి వచ్చింది. ఆఫీసునుంచి ఏ ఉత్తరం వెళ్లాలన్నా నేనే ముద్ర వేసి పంపాలి. చదివాను. "నిర్లక్ష్యం" అని ఉంది. "ఇటువంటి వ్యక్తికి బాధ్యతలు అప్పగించరాదు" అని ఉంది.

రెండువందల వైర్లకూ చీటీలు ఒకే వైపు తిప్పి కట్టిన మనిషి నిర్లక్ష్యమా? నాకు ఒళ్లు మండింది. మేనేజరు మీద మండిందనుకున్నాను. ముద్ర చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వచ్చిన ఉత్తరం వచ్చినట్టే పంపడం రూలు. ఇరవై రెండేళ్లలో ఏ కాగితాన్నీ నా బల్లమీద ఆపలేదు.

దీన్ని ఆపాను. తీసుకుని మేనేజరు గదికి వెళ్లాను.

"ఇది పంపను సార్. తప్పు అతనిది కాదు. తలుపుల నంబర్లు నేనే వేశాను. డ్రాయింగు చూడకుండా నా ఇష్టమొచ్చినట్టు వేశాను. ఆ ఫారం అతని జేబులో ఉంది, నిన్న మీకు చూపించలేదు."

"ఎందుకు చూపించలేదు?"

"మా తమ్ముడు సార్."

అంత తేలిగ్గా వచ్చింది మాట. మేనేజరు కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "మరి వారంరోజులుగా మేడమ్, సార్ అనుకుంటున్నారేమిటి?" అని, ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, "ఇరవై రెండేళ్లకు ఒకటి దొరికిందమ్మా నీ దగ్గర," అన్నాడు. ఉత్తరం అడ్డంగా చించేశాడు. రేపు సాయంత్రానికి నాలుగు తలుపులూ సరిగ్గా తెరుచుకోవాలన్నాడు. తెరుచుకోకపోతే మళ్లీ రాస్తానన్నాడు.

బోర్డు గది తాళంచెవి తీసుకుని వరండాలోకి వచ్చాను. తమ్ముడు లేచి నిలబడ్డాడు. చెప్పాను.

"నిన్నెవరు చెప్పమన్నారు?" అన్నాడు కోపంగా.

మేడమ్ అనలేదు. నిన్ను అన్నాడు. నాకు ఒక్కసారి ఏడుపొచ్చింది, దాన్ని దగ్గుగా మార్చుకుని తాళంచెవి వాడి చేతిలో పెట్టాను.

14వ తేదీ, శుక్రవారం

ఇది వివరంగా రాయాలి.

వైర్లు మార్చక్కర్లేదట. ఏ ఫోనుకు ఏ తాళమో బోర్డుకు కొత్తగా చెబితే చాలట. అది నా ఆపరేటరు ఫోను మీదినుంచే చేయొచ్చు. తమ్ముడు నా కుర్చీ పక్కన స్టూలు వేసుకున్నాడు.

"నువ్వే నొక్కు," అన్నాడు. "రేపు మార్చాల్సి వస్తే నేను ఉండను కదా."

వాడు అంకెలు చెబుతుంటే నేను నొక్కాను. ఒకటో ఫోనుకు నాలుగో తాళం. రెండోదానికి మూడు. మూడోదానికి రెండు. నాలుగోదానికి ఒకటి. ప్రతిదానికీ చివర నక్షత్రం గుర్తు నొక్కితే కుయ్యిమని చిన్న కూత పెడుతుంది, బోర్డుకు అర్థమైందని. నాలుగు కూతలు విన్నాను. ఇరవై రెండేళ్లు బోర్డు చెప్పింది నేను విన్నాను, ఈ రోజు నేను చెప్పింది అది విన్నది. తమ్ముడి ముందు నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

"నా నంబర్లు తీసేసి డ్రాయింగు నంబర్లు పెట్టొచ్చుగా," అన్నాను.

"వద్దులే. ఆఫీసు మొదలయ్యేది వెనక తలుపు దగ్గరే," అన్నాడు. నేను ఆ మాట ఎవరితోనూ అనలేదు. చిన్నప్పుడు వాణ్ని బడినుంచి ఇక్కడికి తీసుకొచ్చి ఆ తలుపు మెట్లమీదే కూర్చోబెట్టేదాన్ని, కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో.

తర్వాత పరీక్ష. వాడు ఒక్కో తలుపుకు వెళ్లి మోగించాలి, మేం తీయాలి. సీసాల తలుపు మోగింది, గాజుసామాను ఆవిడ తీసింది, అదే తలుపు తెరుచుకుంది. సామాను తలుపు, సరే. ముందు తలుపు, సరే. మేనేజరు గడప దగ్గర నిలబడి చూసి, తల ఊపి, వెళ్లిపోయాడు.

ఆఖరిది వెనక తలుపు. మోగింది, ఎత్తాను.

"వినపడుతోందా అక్కా?"

"వినపడుతోంది." అంకెలు నొక్కాను. తాళం ఊడిన చప్పుడు ఫోనులోంచే వినపడింది. తలుపు తోసిన చప్పుడు మాత్రం రాలేదు.

"తెరుచుకుందిగా, రా లోపలికి."

"ఇక్కడినుంచే చెప్తా. ఎదురుగా ఉంటే చెప్పలేను."

అప్పుడే ఒకటో లైను మోగింది. పెద్దసారు సొంత నంబరు. ఎత్తాను. "డైరెక్టర్ని మాట్లాడుతున్నాను," అన్నాడు. ఆయన ఎవరినైనా లైన్‌లో నిలబెడతాడు. ఆయన్ని నిలబెట్టినవాళ్లు ఇంతవరకూ ఈ ఆఫీసులో లేరు.

"లైన్‌లో ఉండండి సార్," అన్నాను. హోల్డ్ నొక్కాను.

"చెప్పరా," అన్నాను తలుపుతో.

"నీమీద కోపం పదకొండు నిమిషాల గురించి కాదు అక్కా. ఆ తర్వాత అమ్మ ఏమందని నువ్వు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. రూలు గురించి చెప్పావు. ఎప్పటికైనా అడుగుతావని చూశాను. నాలుగేళ్లు చూశాను."

భయమేసి అడగలేదు. నాకోసం చూసి చూసి ఏడ్చిందని చెబుతాడేమోనని. రూలు అందుకే పనికొచ్చింది నాకు. ఇది ఈ రోజే రాయగలుగుతున్నాను.

"ఏమంది?" అన్నాను.

"ఫోను నా చేతిలో లేదు. ఆ పదకొండు నిమిషాలూ తన చెవి దగ్గరే పెట్టుకుంది. నేను కట్ చేసి మళ్లీ చేస్తానంటే నన్ను కసిరింది. 'పాట వస్తోందిరా, తీయకు. అది పనిలో ఉంది, తొందరపెట్టకు. ఊరంతా దానికే ఫోన్ చేస్తోందట, ఎన్ని లైన్లు చూసుకుంటుందో ఏమిటో,' అంది. నర్సును పిలిచి ఆమె చెవి దగ్గర కూడా పెట్టింది. 'మా పెద్దమ్మాయి ఆఫీసు పాట,' అని చెప్పింది. స్ట్రెచర్ కదిలేటప్పుడు కూడా నవ్వుతూనే ఫోను నాకిచ్చింది."

రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాను. "నాతో ఏం చెప్దామనుకుంది?"

"ఏం లేదు అక్కా. లోపలికి వెళ్తున్నానని చెప్దామనుకుంది. అంతే."

తలుపు తాళం మళ్లీ పడింది, అది పదిసెకన్లకే పడిపోతుంది. నేను మళ్లీ నొక్కాను. పడింది, మళ్లీ నొక్కాను. ఎన్నిసార్లు నొక్కానో తెలియదు. చివరికి తలుపు తోసిన చప్పుడు వినపడింది, వరండాలో వాడి అడుగులు వినపడ్డాయి. కుర్చీలోంచి లేచి ఎదురెళ్లాను. డ్యూటీలో కుర్చీ వదిలి లేవడం కూడా రూలుకు విరుద్ధమే. వాణ్ని పట్టుకుని ఏడ్చాను. వాడూ ఏడ్చాడు. గాజుసామాను ఆవిడ తడి చేతులతో వచ్చి, ఇద్దర్నీ చూసి, ఏమీ అడక్కుండా వెళ్లింది.

పెద్దసారును ఎంతసేపు నిలబెట్టానో చూడలేదు. నాకు గడియారం చూడకపోవడం ఇదే మొదలు. తిరిగి లైను ఎత్తేసరికి ఆయన అలాగే ఉన్నాడు.

"ఏమమ్మా, ఏమైంది?" అన్నాడు.

"వెనక తలుపు దగ్గర మా తమ్ముడు నిలబడ్డాడు సార్. తలుపు దగ్గర ఉన్నవాళ్లు ముందు. కొత్త రూలు."

"ఎవరు పెట్టారు?"

"నేనే సార్."

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత, "సరే, అకౌంట్సుకు కలుపు," అన్నాడు.

15వ తేదీ, శనివారం

సెలవైనా ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. గాజుసామాను ఆవిడకు శనివారం కూడా పనే, ఆవిడే వెనక తలుపు తీసింది. పాత బోర్డు సామాను గదిలో గోడకు ఆనించి ఉంది. తమ్ముడు దాన్ని విప్పి అందులోంచి హోల్డ్ పాట తీసి కొత్త బోర్డులోకి ఎక్కించాడు. చిన్న వేణువు ముక్క. ఇరవై రెండేళ్ల కిందట పాటలు ఆరు ఇస్తే నేను ఎంచింది.

"ఫారంలో అక్కర్లేదని రాశావుగా," అన్నాడు.

"తలుపులకు అక్కర్లేదు. ఫోన్లకు కావాలి," అన్నాను.

అప్పుడు తట్టింది నాకు. ఆ పాటను ఎంతమందికి వినిపించానో లెక్కలేదు. అటువైపు చెవిలో పెట్టుకుని నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడూ నొక్కేవైపే ఉన్నాను.

గాజుసామాను ఆవిడను నా కుర్చీలో కూర్చోబెట్టి, ఏం నొక్కాలో చూపించి, ఆవిడ గదికి వెళ్లి 217 నుంచి ఫోన్ చేశాను. రెండో రింగుకు ఎత్తింది.

"నమస్కారం, లైన్‌లో ఉండండి," అంది, అచ్చం నా గొంతు పెట్టి. వెనకనుంచి తమ్ముడు నవ్వడం వినపడింది.

తర్వాత వేణువు మొదలైంది. అరనిమిషం ముక్క, అయిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. మధ్యలో ఒకచోట వాయించినాయన ఊపిరి తీసుకోవడం వినపడుతుంది. అది ఇన్నేళ్లూ నాకు తెలియదు. అమ్మకు తెలిసే ఉంటుంది. గాజు గొట్టాలు ఆరబెట్టిన బల్ల పక్కన నిలబడి పదకొండు నిమిషాలూ విన్నాను. బాగుంది. మంచి పాటే ఎంచాను.

"చెప్పండి, ఎవరు కావాలి?" అంది ఆవిడ లైన్లోకి వచ్చి.

 "ఎవరూ వద్దమ్మా. పాట వినడానికి చేశాను," అన్నాను.

ఫోను పెట్టేసి నా కుర్చీ దగ్గరికి వచ్చేశాను. తమ్ముడు సామాను సర్దుకుంటున్నాడు. భోజనానికి ఇంటికి రమ్మన్నాను. బావను ముందే ఫోన్ చేసి అడగనా అన్నాడు. అక్కర్లేదు, తలుపు నేను తీస్తానన్నాను.